అరచేతి రంగస్థలం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పాత నాటక ప్రతులను గురించి గత సంచికలో రాసిన తరువాత వచ్చిన ఉత్తరాలలో చాలావరకు చిట్టి పుస్తకాల మీద, చిత్రకారులు స్వయంగా రూపొందించే పుస్తకాల మీద ఉన్నాయి. వాటిలో ఆరింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా మేనమామగారి పాత పెట్టెలో రెండంగుళాల ఎత్తున్న తోలు అట్ట ‘జూలియస్ సీజర్’ దొరికింది. గ్లాస్గో నగరం, డేవిడ్ బ్రైస్ అన్న పేర్లతో పాటు ఎలెన్ టెర్రీ అనే ఆవిడకు అంకితమని కూడా ఉంది. అద్దం లేకుండా ఒక్క వాక్యమైనా చదవలేకపోతున్నాను. ఇంత చిన్నదిగా ఎందుకు అచ్చువేశారు? అట్ట పొడిపొడిగా రాలుతోంది కనుక కొత్తగా బైండు చేయించవచ్చా?
(విశ్రాంత అధ్యాపకులు, రాజమహేంద్రవరం)

జవాబు: మీకు దొరికినది నలభై సంపుటాల వరుసలో ఒకటి. డేవిడ్ బ్రైస్ అండ్ సన్ సంస్థ 1904లో షేక్‌స్పియర్ రచనలన్నింటినీ ఈ పరిమాణంలో ప్రచురించి, ఆనాటి ఇంగ్లీషు రంగస్థలం మీద మహానటిగా పేరుపొందిన ఎలెన్ టెర్రీకి అంకితమిచ్చింది. సేకరించేవారు నేటికీ దీన్ని ఆమె పేరుతోనే పిలుస్తారు. 1856లో, తొమ్మిదేళ్ల వయసులో, షేక్‌స్పియర్ నాటకంలోనే ఒక రాకుమారుడి వేషంతో రంగస్థలం ఎక్కిన ఆమె, 1878 నుంచి లండన్‌లోని లైసియం నాటకశాలలో హెన్రీ ఇర్వింగ్ సరసన పోర్షియాగా, బియాట్రిస్‌గా, లేడీ మాక్‌బెత్‌గా ప్రేక్షకులను కట్టిపడేసింది. ఆ సంపుటాలను వరుసగా పేర్చి ఉంచడానికి, బల్లమీద పెట్టుకుని తిప్పుకునేందుకు వీలైన బుల్లి పుస్తకాల అలమరను కూడా అమ్మేవారు. నాటకం చూసి ఇంటికి వెళ్లేవారు తమ అభిమాన నటి జ్ఞాపకంగా దాచుకునే వస్తువుగానే దీన్ని ఊహించారన్నది స్పష్టం.

ఇంత చిన్న అక్షరం ఎలా సాధ్యమైందన్నది తెలుసుకోదగిన సంగతి. అంతకు దాదాపు ఎనభై ఏళ్ల ముందు, 1825లో, లండన్ ప్రచురణకర్త విలియం పికరింగ్ షేక్‌స్పియర్ నాటకాలను తొమ్మిది చిన్న సంపుటాలుగా తెచ్చాడు. దానికి వాడినది డైమండ్ అని పిలిచే నాలుగున్నర పాయింట్ల టైపు, అంటే పోతపోసిన అక్షరపు దిమ్మ మొత్తం ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. అలాంటి సీసపు అక్షరాలను కంపోజిటరు ఒక్కొక్కటిగా వేళ్లతో తీసి, తలకిందులుగా పేర్చి, కామాలు జారిపోకుండా బిగించవలసి వచ్చేది. బ్రైస్ నాటికి ఫొటోగ్రఫీ వచ్చింది. పెద్ద సైజులో పేర్చిన పుటను ఫొటో తీసి, కుదించి, రాతి అచ్చు పద్ధతిలో ముద్రించడం ఆ సంస్థకు అలవాటు. లోహపు డబ్బీకి భూతద్దం బిగించి అందులో అమర్చిన వారి చిన్న ఖురాను ప్రతులను మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలోని ముస్లిం సైనికులు వెంట ఉంచుకున్నారు. ఇక కాగితమంటారా, పేరులో ఇండియా ఉన్నా మన దేశంలో తయారుకాని, పలుచగా ఉంటూనే వెనకవైపు అక్షరం కనిపించనివ్వని ఇండియా పేపరు బ్రైస్ పుస్తకాలకు ఎంతో ఉపకరించింది. నా మటుకు నాకు పికరింగ్ పుస్తకాల మీదే మక్కువ ఎక్కువ. ఆ పుట ఆ కొలతకే పుట్టింది, బ్రైస్ పుట మరో కొలతకు పుట్టి కుంచించుకుపోయింది. అయినా మీ చేతిలో ఉన్నది అభిమానంతో చేసిన వస్తువు, దాన్ని తక్కువ చేయబోవడం లేదు.

బైండు మాత్రం చేయించకండి. కొత్త అట్ట వేసేటప్పుడు అంచులు కోస్తారు, రెండంగుళాల పుటలో కోయడానికి మిగిలేది అక్షరాలే. తోలు ఎర్రటి పొడిగా రాలడం ఆ కాలపు చర్మశుద్ధిలో వాడిన రసాయనాల వల్ల వచ్చే జబ్బు, నూనె రాస్తే అది తగ్గదు, పైగా పుటలకు మరకలు పడతాయి. ఆమ్లం లేని కాగితంతో చిన్న పొట్లంగా చుట్టి, గట్టి అట్టపెట్టెలో, తేమ తగలని చోట ఉంచండి. విప్పినప్పుడు పూర్తిగా పరచకుండా, తలుపు సగం తెరిచినట్లు తెరిస్తే వెన్ను నిలుస్తుంది. సెల్లోటేపు దరిదాపులకు రానివ్వకండి.

ప్రశ్న: ప్రపంచంలోకెల్లా అతి చిన్న పుస్తకం ఎంత ఉంటుంది? చిన్నదయ్యేకొద్దీ గొప్పదని అనుకోవచ్చా?
(ఇంటర్మీడియట్ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: జపాన్‌లోని టొప్పాన్ ముద్రణ సంస్థ 2013లో 0.75 మిల్లీమీటర్ల పుటలతో, ఇరవై రెండు పేజీలలో పూల బొమ్మల పుస్తకం ఒకటి చేసింది. దాన్ని వేలితో తిప్పడం కుదరదు. ముద్రణ యంత్రం శక్తికి అది గొప్ప నిదర్శనమే, కానీ పుస్తకం చేయవలసిన పని అది చేయదు. అమెరికాలోని మినియేచర్ బుక్ సొసైటీ ఎత్తు, వెడల్పు, మందం ఏదీ మూడు అంగుళాలు దాటకూడదని హద్దు పెట్టుకున్నది. ఆ హద్దులో ఉన్న పుస్తకాన్ని బొటనవేలితో తెరవవచ్చు, ఒడిలో పెట్టుకుని చదవవచ్చు. నాటకం పుస్తకానికైతే నేను మరో కొలత కూడా చూస్తాను: దాన్ని తిప్పుతున్న చేతికి తెర లేచిన అనుభవం కలగాలి, పాత్ర ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు నిష్క్రమించిందో తెలియాలి. అది కలిగించలేని పుస్తకం బియ్యపు గింజంత ఉన్నా, బల్లంత ఉన్నా నాకు ఒకటే.

ప్రశ్న: చిత్రకళాశాలలో ‘ఆర్టిస్ట్ బుక్’ అన్న మాట తరచుగా వింటున్నాను. బొమ్మలున్న పుస్తకానికీ, దీనికీ తేడా ఏమిటి? నాటకానికి సంబంధించి మంచి ఉదాహరణ చెప్పగలరా?
(చిత్రలేఖనం విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: బొమ్మలున్న పుస్తకంలో రచన ముందే సిద్ధంగా ఉంటుంది, చిత్రకారుడు దానికి తోడుగా వస్తాడు, బొమ్మలు తీసేసినా రచన చెక్కుచెదరదు. మీరు విన్న రకంలో కాగితం, టైపు, మడత, కుట్టు, పుటలు తిరిగే వేగం అన్నీ కలిసి ఒకే ఆలోచనను మోస్తాయి. వాటిలో ఏది మార్చినా అది వేరే పుస్తకమైపోతుంది. ఉదాహరణకు నేను మొదట తీసుకునేది, పైన చెప్పిన ఎలెన్ టెర్రీ కుమారుడి పనినే.

ఎడ్వర్డ్ గోర్డన్ క్రేగ్ 1872లో పుట్టాడు, తల్లితో పాటు లైసియంలో నటిస్తూ పెరిగాడు, తరువాత నటన వదిలి రంగస్థల రూపకల్పనకూ, చెక్క మీద చెక్కే చిత్రకళకూ మళ్లాడు. నటుడి హావభావాల కన్నా వెలుగు, నిలువెత్తు పలకలు, కదలిక నాటకానికి ప్రాణమని నమ్మిన మనిషి. రష్యన్ నాటక దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ ఆహ్వానం మీద మాస్కో ఆర్ట్ థియేటరుకు ‘హామ్లెట్’ రూపకల్పన చేసినప్పుడు కూడా రంగస్థలం నిండా కదిలించే తెరపలకలే పెట్టాడు; ఆ ప్రదర్శన 1912 మొదట్లో జరిగింది. దానికి సిద్ధమయ్యే రోజుల్లో తన బుల్లి నమూనా వేదిక మీద నిలబెట్టి చూసుకోవడానికి పలుచని చెక్కతో మనుషుల ఆకారాలు కోసుకున్నాడు. ఆ చెక్క బొమ్మలకే సిరా పూసి కాగితం మీద అద్దితే నల్లటి నీడలా ముద్ర పడింది. వీమార్‌లో క్రానాఖ్ ప్రెస్ అనే సొంత ముద్రణాలయం నడుపుతున్న కౌంట్ హ్యారీ కెస్లర్ ఆ ముద్రలలో ఒక పుస్తకాన్ని చూశాడు. మధ్యలో యుద్ధం వచ్చిపడింది, ఏళ్లు గడిచాయి. గెర్హార్ట్ హౌప్ట్‌మన్ అనువాదంతో జర్మన్ ‘హామ్లెట్’ 1928లో, డోవర్ విల్సన్ పరిష్కరించిన పాఠంతో ఇంగ్లీషు ప్రతి 1930లో వెలువడ్డాయి.

ఆ పుస్తకాన్ని తెరిస్తే కనిపించేది ఇది. నాటక పాఠం పుట మధ్యలో పెద్ద టైపులో ఉంటుంది. షేక్‌స్పియర్ కన్నా ముందు ఈ కథను చెప్పిన సాక్సో, బెల్‌ఫొరెస్ట్‌ల మూలకథలు చుట్టూ చిన్న టైపులో నడుస్తాయి. మూలశ్లోకం నడుమ ఉండి వ్యాఖ్యానం పైనా కిందా సాగే మన సంస్కృత వ్రాతప్రతులను చూసినవారికి ఈ అమరిక వెంటనే పరిచయంగా తోస్తుంది. నల్లని పొడుగాటి బొమ్మ ఒక పుటలో అంచున ఒంటరిగా నిలబడితే, మరొక పుటలో అక్షరాల వరుసే గోడలా మారి ఆ బొమ్మను మూలకు నెడుతుంది. పుట తిప్పితే వేదిక మీద పలక జరిగినట్లే ఉంటుంది. పెద్ద కొలత పుస్తకమే అయినా, అది పుట్టింది బల్లమీద పట్టే నమూనా వేదిక నుంచి అన్న సంగతి మరవకూడదు.

దీనికి మన వైపు నుంచి ఒక నిజమైన తీగ ఉంది, దాన్ని చెప్పకుండా ముందుకు పోలేను. భారతీయ నాట్యపద్ధతి గురించి ఇంకా వివరంగా చెప్పమని క్రేగ్ ఉత్తరాలలో పదేపదే అడుగుతూ ఉండేవాడని కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి తన పీఠికలో రాశారు. నందికేశ్వరుని నాట్యగ్రంథం ‘అభినయదర్పణం’ ఇంగ్లీషు అనువాదానికి రాసిన పీఠిక అది, 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ అనువాదాన్ని వెలువరించింది. ముఖపత్రం మీద కుమారస్వామి పేరు పక్కన అనువాదకుడిగా ఉన్న రెండో పేరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యది. చీరాల-పేరాల ఉద్యమం నడిపించిన, రామదండు కట్టిన మన ఆంధ్రరత్నమే ఆయన. హస్తాల ఛాయాచిత్రాలతో వచ్చిన ఆ పుస్తకాన్ని రంగస్థల కళాకారుల చేతిలో ఉండవలసిన పనిముట్టుగా మలిచారు. దుగ్గిరాల కన్నుమూసిన 1928లోనే ఎలెన్ టెర్రీ కూడా మరణించింది, క్రేగ్ జర్మన్ ‘హామ్లెట్’ వెలువడింది. చీరాల, లండన్, వీమార్ ఒకే సంవత్సరపు పుటలో చేరడం చూస్తే ఇప్పటికీ నాకు మనసు కదులుతుంది.

టైపుతోనే నాటకం ఆడించిన ఉదాహరణ కూడా ఒకటి చూడండి. పారిస్‌లోని గాలిమార్ ప్రచురణాలయంలో కళాదర్శకుడిగా ఉన్న రొబేర్ మాసేన్, అయొనెస్కో నాటకం ‘లా కాంతాత్రీస్ షోవ్’ను 1964లో పుస్తకంగా కూర్చాడు. ప్రతి పాత్రకూ ఒక టైపు కేటాయించాడు, నటుల ఛాయాచిత్రాలను మసినలుపు, తెలుపుల్లోకి మార్చి వారి నోటి దగ్గర నుంచి మాటలు నడిపించాడు. మాటామాటా పెరిగిన చోట అక్షరాలు ఉబ్బి, ఒరిగి, ఒకదానిమీద ఒకటి పడతాయి. మౌనం వచ్చినచోట పుట ఖాళీగా ఉంటుంది. తెలుగులో గుడి, కొమ్ము, వత్తుతో కిందికీ పైకీ చాచుకునే అక్షరానికి ఇలాంటి నటన ఎంత బాగా అబ్బుతుందో, మీ తరగతిలో ఎవరైనా ప్రయత్నించి చూపాలని నా కోరిక.

ప్రశ్న: మన తాళపత్రాలలో నాటకాలు ఉండేవా? అవీ చిన్న పుస్తకాలే కదా?
(గృహిణి, నెల్లూరు)

జవాబు: ఉండేవి. తంజావూరు నాయక రాజులు, ఆ తరువాత మరాఠా రాజులు తెలుగులోనే యక్షగానాలు రాయించారు, స్వయంగానూ రాశారు. విజయరాఘవ నాయకుడు, ‘పల్లకీ సేవా ప్రబంధం’ రాసిన శహాజీ అందుకు సాక్ష్యం. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయం ఇలాంటి తెలుగు తాళపత్ర ప్రతులకు పుట్టినిల్లు వంటిది. తాటాకు వెడల్పు ప్రకృతి పెట్టిన హద్దు. పొడవు మూర దాకా ఉన్నా ఎత్తు మూడు నాలుగు వేళ్లే, గంటంతో గీసిన గీతలో మసి రుద్దితేగాని అక్షరం బయటపడదు. అందులో రాత ఖాళీ లేకుండా సాగిపోతుంది కనుక, దరువు, ద్విపద, వచనం అన్న గుర్తులూ రాగతాళాల పేర్లూ పాడేవాడికి దారి చూపుతాయి. ఆకారంలో వింతలు చూడాలంటే మాత్రం భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర మ్యూజియానికి వెళ్లండి; విసనకర్రగా విచ్చుకునే తాళపత్రాలు, మాలగా గుచ్చినవి, బొమ్మలతో నిండిన ‘గీతగోవిందం’ ప్రతులు అక్కడ ఉన్నాయి.

ప్రశ్న: మా పాప పుట్టినరోజుకు స్నేహితులు కాగితపు నాటకశాల ఒకటి కానుకగా ఇచ్చారు. విప్పితే వేదిక లేస్తుంది, పాత్రలను పుల్లలతో జరపాలి. దీన్ని పుస్తకమనవచ్చా, బొమ్మ అనాలా?
(తెలుగు తల్లి, న్యూజెర్సీ)

జవాబు: ఆ రెండింటి నడుమా దీనికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది. లండన్‌లో 1811 ప్రాంతంలో విలియం వెస్ట్ వంటి అచ్చుదారులు, అప్పుడు నాటకశాలల్లో ఆడుతున్న ప్రదర్శనల పాత్రలనూ తెరలనూ కాగితాల మీద అచ్చువేసి అమ్మారు. రంగు వేయనిదానికి ఒక పెన్నీ, చేత్తో రంగులద్దినదానికి రెండు పెన్నీలు. సంభాషణలను కుదించిన చిన్న పుస్తకం దానికి జతగా ఉండేది. పిల్లలు బొమ్మలను కత్తిరించి, అట్టకు అంటించి, ఇంట్లో నాటకం ఆడేవారు. ఆర్. ఎల్. స్టీవెన్సన్ 1884లో ఈ కాగితాల మీద ఎంతో ప్రేమగా ఒక వ్యాసం రాశాడు. బెంజమిన్ పోలాక్ హోక్స్‌టన్ వీధిలోని తన దుకాణంలో 1937లో మరణించేవరకూ ఈ పనిని బతికించాడు. ఆనాటి నటులు ఏ భంగిమలో నిలబడేవారో, ఏ దుస్తులు వేసేవారో చరిత్రకారులు ఈ కాగితాల నుంచి తెలుసుకుంటున్నారంటే, మీ పాప చేతిలో ఉన్నదాన్ని ఉత్త బొమ్మ అని ఎలా అనగలం?

ఇప్పటి పుస్తక కళాకారులు ఈ వారసత్వాన్ని బాగా వాడుకుంటున్నారు. అమెరికాలోని అయోవాకు చెందిన ఎమిలీ మార్టిన్ ‘రోమియో అండ్ జూలియట్’ను రంగులరాట్నం ఆకారపు పుస్తకంగా చేశారు, ‘కింగ్ లియర్’ను తోలుబొమ్మల వంటి పాత్రలతో మరో పుస్తకంగా మలిచారు. రంగులరాట్నం పుస్తకంలో అట్టలు రెండూ వెనక్కి తిరిగి ఒకదానికొకటి తగులుతాయి, నాడా ముడివేస్తే అది నక్షత్రంలా నిలబడుతుంది. ఒక్కొక్క కోణంలో ఒక్కొక్క గది. ముందు పొరలో కిటికీ, నడిమి పొరలో పాత్రలు, వెనుక పొరలో దృశ్యం. మూడు కాగితపు పట్టీలను వేర్వేరు పొడవుల్లో మడిచి, వెలుపలి అంచుల దగ్గర మాత్రమే అంటిస్తారు. అన్నింటికన్నా పొడవైన పట్టీ లోపలికి ఎక్కువ దూరం పోతుంది కనుక లోతు పుడుతుంది. మీ ప్రాంతం నుంచి వాషింగ్టన్ దూరమేమీ కాదు, అక్కడి ఫోల్జర్ షేక్‌స్పియర్ గ్రంథాలయానికి పాపను ఒకసారి తీసుకువెళ్లండి.

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో ‘కన్యాశుల్కం’ ఆధారంగా ఒక చిట్టి పుస్తకం చేయించాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి? అనుమతి అవసరమా?
(తెలుగు ఉపాధ్యాయిని, విజయనగరం)

జవాబు: బొంకులదిబ్బ ఉన్న ఊళ్లోనే ఈ ఆలోచన పుట్టినందుకు చాలా సంతోషించాను. గురజాడ 1915లో మరణించారు, మన చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్లకు హక్కులు ముగుస్తాయి కనుక నాటక పాఠానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇటీవలి ముద్రణలలోని బొమ్మలను మాత్రం తీసుకోవద్దు, పిల్లలే వేయాలి.

ఏడు అంకాల నాటకమంతా చిట్టి పుస్తకంలో పట్టదు, పట్టించాలని చూడకండి. ఒక్క సన్నివేశాన్ని ఎంచుకోండి. నేనైతే కరటకశాస్త్రి శిష్యుడికి ఆడపిల్ల వేషం వేయించి లుబ్ధావధానులకు పెళ్లికూతురుగా చూపించే ఘట్టాన్ని తీసుకుంటాను, ఎందుకంటే ఆ మోసం కాగితానికి సరిగ్గా సరిపోతుంది. పొడవాటి పట్టీని విసనకర్రలా ముందుకూ వెనక్కూ మడవండి. ఒక ముఖం మీద శిష్యుడు మహేశం, రెండో ముఖం మీద అదే చోట సుబ్బి. ఎడమ నుంచి చదివితే కుర్రవాడు పెళ్లికూతురు అవుతాడు, తిప్పి చదివితే పెళ్లికూతురు మాయమవుతుంది. లుబ్ధావధానులకు తెలియనిది చదివేవారి చేతికి తెలుస్తుంది. మడతల లెక్క ఏడుకు కుదిరితే బాగుంటుంది కానీ, బలవంతం చేయకండి.

పుటల పుస్తకమే కావాలంటే ఏ4 కాగితాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే 52 మిల్లీమీటర్ల వెడల్పు, 74 మిల్లీమీటర్ల ఎత్తు వస్తుంది. మూడు అంగుళాలంటే 76 మిల్లీమీటర్లు కనుక, చిట్టి పుస్తకానికి పైన చెప్పిన హద్దు లోపలే ఉన్నారు. పదహారు ఆకులు, ముప్పై రెండు పేజీలు దొరుకుతాయి. చివరి మడత లావెక్కుతుంది కాబట్టి, మూడో మడత తరువాత కాగితాన్ని కోసి, రెండు ఫారాలుగా, అంటే మడిచిన కాగితాల రెండు కట్టలుగా, కుట్టడం మంచిది. కాగితానికి పోగు, అంటే లోపలి నారలు సాగే దిశ, ఉంటుంది, అది పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉంటేనే పుటలు మెత్తగా తిరుగుతాయి. రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే తేలికగా వంగే వైపు తెలిసిపోతుంది.

అక్షరాల విషయంలో పిల్లలను ముందే హెచ్చరించండి. ఇంగ్లీషు అక్షరాన్ని తగ్గించినంతగా తెలుగు అక్షరాన్ని తగ్గించలేము. ‘స్త్రీ’ వంటి సంయుక్తాక్షరంలో వత్తుల కింద వత్తులు వస్తాయి, పైనుంచి గుడిదీర్ఘం దిగుతుంది, ఈ రెంటికీ వరుసల మధ్య చోటు ఇవ్వాలి. కంప్యూటరులో ఎనిమిది పాయింట్ల కన్నా తగ్గకండి, చేత్తో రాస్తే సన్నని పాళీ వాడండి, పేజీకి అయిదారు వరుసలు చాలు. సంభాషణలో పాత్ర మారినప్పుడల్లా పేరు రాసే బదులు ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు సిరా ఇస్తే చోటు మిగులుతుంది, మధురవాణి మాట ఎక్కడ మొదలైందో దూరం నుంచే కనిపిస్తుంది.

జిగురుకు మైదా ఉడికించుకోండి. బైండింగు పనివారు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు, అది విషం కనుక బడిలో వద్దు. ఏ రోజుకారోజు చేసుకుంటే సరిపోతుంది. అంటించిన అట్టను రెండు పలకల మధ్య పెట్టి, పైన బరువైన నిఘంటువు ఒకటి ఉంచి, మరునాటి దాకా కదపనివ్వకండి. పిల్లలు ఆగలేక విప్పిచూస్తే అట్ట వంకరపోతుంది. పూర్తయిన ప్రతులు ఒకటి రెండు నాకు పంపితే వాటి ఫొటోలను ఈ శీర్షికలో వేస్తాను.